న్యాయం మన గడపకు ఎంత దూరం?



మన సంఘ వాడుకలో "విచారణ" అంటే ఒక గురువు సంరక్షణలో ఉన్న విశ్వాసుల కుటుంబాల సముదాయం. న్యాయస్థానపు వాడుకలో "విచారణ" అంటే ఇరుపక్షాల మాట వినడం. మాట ఒక్కటే, మూలార్థమూ ఒక్కటే. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి "ఏమి జరిగింది?" అని అడిగి తెలుసుకోవడమే విచారణ. అలా అడిగేవారు లేకపోవడమే పేదవానికి జరిగే మొదటి అన్యాయం. మిగిలిన అన్యాయాలన్నీ దాని వెనుకనే వస్తాయి.

2025 నవంబరులో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక నేను గుడి వాకిట నిలబడి ఉన్నాను. రోజూ బస్సెక్కి పట్నం పోయి కూలి చేసుకునే ఒక తల్లి నన్ను ఆపింది. "ఫాదర్, చెట్ల కోసమైతే మద్రాసు దాంక పోయి కొట్లాడిండ్రు. మనుషుల కోసం ఎవలు పోతరు?" అని అడిగింది. అప్పటికి మీర్జాగూడ దగ్గర ప్రమాదం జరిగి రెండు వారాలు కూడా కాలేదు. నేను ఏవో నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపించాను. గదికి వచ్చాక నా మాటలు నాకే రుచించలేదు. ఆమె ఓదార్పు అడగలేదు, ప్రశ్న అడిగింది. ప్రశ్నకు జవాబే చెప్పాలి. ఆ జవాబును మీ అందరితో కలిసి వెతకాలని ఈ పాఠం రాస్తున్నాను.

రోడ్డు, చెట్లు, మనుషులు

హైదరాబాదు నుండి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూరు పోయే రోడ్డు మనలో చాలామందికి తెలిసినదే. ప్రభుత్వ లెక్కల్లో అది 163వ నంబరు జాతీయ రహదారి. అప్పా జంక్షన్ నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల మేర దానిని నాలుగు వరుసల రోడ్డుగా వెడల్పు చేయాలని సంకల్పించారు. ఆ దారికి రెండు ప్రక్కలా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. తరతరాల బాటసారులకు నీడనిచ్చిన చెట్లవి. రోడ్డు వెడల్పు కావాలంటే వాటిని కొట్టాలి. ప్రకృతి ప్రేమికులు కొందరు దీనిని అడ్డుకోవడానికి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణ విభాగాన్ని ఆశ్రయించారు. పర్యావరణంపై పడే ప్రభావాన్ని అధ్యయనం చేయాలని ట్రిబ్యునలు ఆదేశించింది. చెట్ల నరికివేత ఆగింది, దానితో పనీ ఆగింది. చివరకు ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచి రోడ్డు వేసే పద్ధతి మీద ఒక అవగాహన కుదిరి, 2025 అక్టోబరు నెలాఖరున ఆ అడ్డంకి తొలగింది.

కొద్దిరోజులకే, నవంబరు 3వ తేదీ తెల్లవారి, తాండూరు నుండి పట్నం వస్తున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొన్నది. 19 మంది మరణించారు. ఆ బస్సులో చదువుకునే పిల్లలు, ఉద్యోగాలకు పోయేవారు, పసిబిడ్డతో ఉన్న తల్లి ఉన్నారు. ప్రమాదానికి కారణమేమిటన్నది దర్యాప్తు తేల్చవలసిన విషయం. ఇరుకు రోడ్డా, వేగమా, టిప్పరులోని బరువా అని మనం ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పరాదు. కాని మరునాటి నుండే ఊళ్ళలో ఒక మాట పుట్టింది. "చెట్ల కేసు వల్లనే రోడ్డు ఆగింది, రోడ్డు ఆగినందువల్లనే ప్రాణాలు పోయాయి" అన్నారు. ఆ తల్లి ప్రశ్న వెనుక ఉన్నది ఆ మాటే.

దుఃఖంలో ఉన్నవారి మాటను నేను తప్పుపట్టను. అయినా మనం నిదానంగా ఆలోచించాలి. చెట్లను కాపాడమన్నవారు మనుషులకు శత్రువులు కారు. రోడ్డు కావాలన్నవారు చెట్లకు శత్రువులు కారు. ఇరువురూ అడిగినది న్యాయమే. చెట్లు ఉంటూనే రోడ్డు వేయవచ్చని చివరకు తేలింది కదా! ఆ సంగతి ఏళ్ళు గడిచాక కాక, మొదటి రోజునే ఎందుకు తేలలేదు? అసలు అడగవలసిన ప్రశ్న ఇదే.

దీనికి నాకు కనిపించే జవాబు ఇది. పెద్ద ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి, దానికి ముందు బహిరంగ విచారణ జరగాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషను చెబుతుంది. అయితే తరువాతి సవరణల ప్రకారం జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు మించితేనే ఆ నియమం వర్తిస్తుంది. మన రోడ్డు 46 కిలోమీటర్లు. అంటే పని మొదలు పెట్టకముందు మీర్జాగూడ రైతునుగాని, మొయినాబాద్ దుకాణదారునిగాని, రోజూ బస్సెక్కే కూలితల్లినిగాని కూర్చోబెట్టి "మీరేమంటారు?" అని అడగవలసిన బాధ్యత ఆ నోటిఫికేషను ప్రకారం ఎవరిమీదా లేదు. ముందు వినవలసిన మాటను వినకపోతే ఆ మాట తరువాత కేసుగా వస్తుంది. కేసుకు కాలం పడుతుంది. ఆ కాలపు భారం అందరికంటె బలహీనుని మీద పడుతుంది.

మన చెరువు వద్ద పుట్టిన ఆలోచన

హరిత ట్రిబ్యునలు ఎక్కడో ఢిల్లీలో పుట్టిన సంస్థ అనుకుంటాము. దాని వెనుక మన ప్రాంతపు కథ ఒకటి ఉన్నది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిజాం కాలంలో కట్టిన జలాశయాలు. వాటి నీటిని కాపాడటానికి 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీ.వో. జారీ చేసింది. మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలతో కలిపి 84 గ్రామాలలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు ఆంక్షలు వచ్చాయి.

ఆ రోజులలోనే ఆ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల ఒక నూనె సంబంధిత కర్మాగారం పెట్టబోగా కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. వివాదం సుప్రీంకోర్టు వరకు పోయింది. 1999లో ఆ కేసులో తీర్పు రాసిన న్యాయమూర్తి మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావుగారు. విషపదార్థాలు నీటిలోకి ఎలా దిగుతాయన్న శాస్త్ర విషయాన్ని మామూలు కోర్టులు తేల్చడం కష్టమనీ, న్యాయమూర్తులతోపాటు శాస్త్రజ్ఞులు కూడా కూర్చునే న్యాయస్థానాలు కావాలనీ ఆ తీర్పు అభిప్రాయపడింది. 2000లో రెండవ తీర్పు కూడా జలాశయాల పక్షానే వచ్చింది. అదే న్యాయమూర్తి తరువాత లా కమిషను అధ్యక్షులై, 2003లో పర్యావరణ న్యాయస్థానాలు కావాలని 186వ నివేదిక సమర్పించారు. 2010లో హరిత ట్రిబ్యునలు చట్టం వచ్చింది. హిమాయత్‌సాగర్ నీళ్ళ కోసం మొదలైన తగాదా దేశం మొత్తానికి ఒక న్యాయస్థానాన్ని ఇవ్వడానికి తోడ్పడింది.

ఇక్కడ రెండవ ప్రక్కను కూడా చూడాలి. ఆ 84 గ్రామాలలోని చిన్న రైతులు తమ భూమికి ధర రాలేదనీ, తమకు పిల్లల పెళ్ళికి ఎకరం అమ్ముకునే వీలు లేదుగాని పెద్దవారి ఫామ్‌హౌసులు మాత్రం లేచాయనీ ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు జీ.వో. ద్వారా ఆ ఆంక్షలను సడలించింది. వివాదం మాత్రం అంతటితో ముగియలేదు. నీటికి న్యాయం కావాలి, నీటిని కాపాడమని మనం ఎవరిమీద బరువు మోపామో ఆ రైతుకూ న్యాయం కావాలి. ఒకరికి తలుపు తెరిచి మరొకరికి మూస్తే అది సగం న్యాయమే.

మూడు తలుపులు

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిలు చెప్పిన రెండు న్యాయాలను మాకు బోధించారు. ఉన్నదానిని తగినట్లు పంచడం ఒకటి, జరిగిన తప్పును సరిదిద్దడం మరొకటి. విచారణలలో పనిచేస్తూ వచ్చాక నాకు తెలిసినదేమంటే, ఈ రెండింటికంటె ముందు మరొకటి కావాలి. న్యాయం ఉన్న ఇంట్లోకి పోవడానికి తలుపు కావాలి.

ఆ తలుపులు మూడని 1992లో రియో నగరంలో సమావేశమైన దేశాలు ఒప్పుకున్నాయి. మొదటిది సమాచారం, రెండవది నిర్ణయంలో పాలు, మూడవది న్యాయస్థానం. ఈ మూడింటినీ 1998లో డెన్మార్కులోని ఆర్హుస్ పట్టణంలో ఒక ఒప్పందంగా రాసుకున్నారు. ఐరోపా దేశాలలో అత్యధికం అందులో చేరాయి. కోర్టుకు పోవడం ప్రజలకు మోయలేని ఖర్చు కారాదని ఆ ఒప్పందం స్పష్టంగా చెబుతుంది. ఇంగ్లాండులో ఓడిపోయినవాడు గెలిచినవాని ఖర్చు కూడా కట్టాలి. ఆ భయంతోనే సామాన్యుడు కోర్టు మెట్లు ఎక్కడు. అందుకని ఆ ఒప్పందం ప్రకారం 2013లో పర్యావరణ కేసులలో ఓడిన వ్యక్తి కట్టవలసిన ఖర్చుకు 5,000 పౌండ్ల పరిమితి పెట్టారు. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు 2018లో కోస్టారికాలోని ఎస్కాజూలో ఇటువంటి ఒప్పందమే చేసుకున్నాయి. ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు 2010లో ప్రకృతి పేరనే ఒక ప్రత్యేక రిట్టును ఏర్పాటు చేసింది. దానికి కోర్టు ఫీజు లేదు.

మన దేశం ఆర్హుస్ ఒప్పందంలో చేరలేదు. కాని ఆ మూడు తలుపులూ మన చట్టాలలో వేర్వేరు చోట్ల ఉన్నాయి.

సమాచారం కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అది కూడా లేదు. 30 రోజులలో జవాబు రావాలి. తెలుగులోనే రాయవచ్చు.

నిర్ణయంలో పాలు పంచుకోవడానికి గ్రామసభ, బహిరంగ విచారణ ఉన్నాయి. బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరకాలి. ఏదైనా పెద్ద ప్రాజెక్టుకు ముందు పర్యావరణంపై దాని ప్రభావాన్ని పరిశీలించాలనీ, స్థానిక ప్రజల మాట వినాలనీ పోపు ఫ్రాన్సిస్‌గారు 2015లో "లౌదాతో సి" లేఖలో కోరిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

న్యాయస్థానం విషయానికి వస్తే, హరిత ట్రిబ్యునలుకు పోవడానికి పెద్ద ఫీజు లేదు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు 1,000 రూపాయలు. కాని వివాదం పుట్టిన 6 నెలలలోపు పోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అంగీకరించవచ్చు. మన ఊరి చెరువులో ఎవరో రసాయనాలు వదిలారనుకోండి. "చూద్దాం, చూద్దాం" అంటూ ఏడాది గడిపితే ఆ తలుపు మూసుకుపోవచ్చు.

"మనుషుల కోసం ఎవలు పోతరు?"

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. మనుషుల కోసం పోవడానికి కూడా చట్టం దారి వేసింది. మనకు తెలియక ఆ దారి గడ్డి మొలిచిపోతున్నది.

రాజ్యాంగంలోని 39-ఏ అధికరణం 1976 నాటి 42వ సవరణతో వచ్చింది. డబ్బు లేని కారణంగా ఎవరికీ న్యాయం దూరం కారాదని అది నిర్దేశిస్తుంది. 1979లో బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గుతున్న విచారణ ఖైదీల కేసులో, ఉచిత న్యాయసహాయం ప్రాణహక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 1987లో న్యాయసేవా సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం జాతీయ స్థాయి నుండి మండల స్థాయి వరకు న్యాయసేవా సంస్థలు, కమిటీలు ఏర్పడ్డాయి. అక్కడ న్యాయవాదికి మనం ఫీజు ఇవ్వనక్కరలేదు.

ఎవరు అర్హులు? స్త్రీలందరూ అర్హులే, ఆదాయం ఎంతైనా సరే. పిల్లలు, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, పెద్ద విపత్తులలో నష్టపోయినవారు అర్హులే. మిగిలినవారు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడి ఉంటే అర్హులు.

ఇక్కడ మన కుటుంబాలు ఒక సంగతి గమనించాలి. దళిత మూలాలుగల క్రైస్తవులను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి వర్గంలో ఉన్నారు. "నాకు ఎస్సీ సర్టిఫికెట్టు లేదు కదా, నాకెవరు ఇస్తారు?" అని కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గవద్దు. ఇంటి ఇల్లాలు స్త్రీగా అర్హురాలే. ఇంటాయన ఆదాయాన్ని బట్టి అర్హుడు కావచ్చు. ఒక తలుపు మూసి ఉంటే ప్రక్క తలుపు తట్టండి.

రోడ్డు ప్రమాదాల విషయం. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, చట్టప్రకారం రావలసిన నష్టపరిహారం వేరు. ఒకటి అందినంత మాత్రాన రెండవది పోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నష్టపరిహారాన్ని మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునలులో అడగాలి. ప్రమాదం జరిగిన చోటనే వేయాలని లేదు. తాండూరు కుటుంబం తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునలులో వేసుకోవచ్చు. పోలీసువారు కూడా ప్రమాద నివేదికను 3 నెలలలోపు ట్రిబ్యునలుకు పంపాలి. 2019 సవరణ ద్వారా వచ్చి 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమం ప్రకారం దరఖాస్తుకు 6 నెలల గడువు ఉన్నది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కాబట్టి గడువు లోపలే పోవడం క్షేమం. దాటిపోయినా ఆశ వదులుకోక న్యాయసేవా సంస్థను అడగండి.

రెండు హెచ్చరికలు చేస్తాను. మొదటిది, శవపంచనామా ముగియకముందే ఆసుపత్రి వద్దకు వచ్చి "పరిహారం ఇప్పిస్తాం, వచ్చినదానిలో ఇంత మాకు" అనేవారు ఉంటారు. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదుల వృత్తి నియమాలకే విరుద్ధం. దుఃఖంలో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. రెండవది, లోక్ అదాలతులో రాజీ పడితే త్వరగా తేలుతుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కాని ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఎంత వస్తుందో, ఎందుకంత వస్తుందో అర్థమైన తరువాతే ఒప్పుకోండి.

విచారణలుగా మనం చేయగలిగినది

చేవెళ్లలో కోర్టు ఉన్నది. జిల్లా న్యాయస్థానం మాత్రం ఎల్.బి. నగర్‌లో, అంటే హైదరాబాదు నగరానికి ఆ కొసన ఉన్నది. ఒక వాయిదాకు పోవాలంటే చేవెళ్ల కూలి మనిషికి ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు, ఒక పూట భోజనం పోతాయి. ఆ రోజు వాయిదా పడితే మళ్ళీ అంతే. చట్టం ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, పోయిన కూలిని ఇవ్వదు. పట్టువిడువక న్యాయాధిపతి గడప త్రొక్కిన విధవరాలి ఉపమానం మనకు తెలుసు. ఆమె ఓపికను మెచ్చుకుంటాము. ఆమెను అన్నిసార్లు తిప్పించిన న్యాయాధిపతి తప్పును, ఒక్కరోజైనా తోడు రాని ఇరుగుపొరుగు తప్పును మాత్రం మరచిపోతాము.

అందుకని నా మనవి. విన్సెంట్ డి పాల్ సభవారు బియ్యం ఇచ్చినట్లే వాయిదా రోజు బస్సు చార్జీ ఇవ్వడం కూడా ఒక సాయమని తలచండి. మరియదళ సభ్యులు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు, ఆగిన పింఛను, తప్పు పడిన పట్టాదారు పేరు, అందని పరిహారం వంటివి కూడా అడిగి తెలుసుకోండి. చదువుకున్న యువతీయువకులు ఇద్దరు న్యాయసేవా సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా శిక్షణ పొందండి. 2009 నుండి ఆ పథకం ఉన్నది, లా చదివి ఉండనక్కరలేదు. న్యాయసేవా సంస్థల ఉచిత ఫోను నంబరు 15100ను గుడి నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలలో రాయించండి.

ఆ తల్లి తరువాతి ఆదివారం కూడా వచ్చింది. ఈసారి ఓదార్పు చెప్పలేదు. "అమ్మా, చెట్ల కోసం పోయినవారికి దారి తెలుసు. మనుషుల కోసం పోవలసినవారికి దారి ఇంకా తెలియదు. తేడా అంతే. రా, తెలుసుకుందాం" అన్నాను. ఆమె తన తమ్ముని ప్రమాదపు కాగితాలు సంచిలోంచి తీసింది. ఏడాదికి పైగా అవి ఆ సంచిలోనే ఉన్నాయట. ఎవరూ అడగలేదట.

మీ విచారణలో అటువంటి సంచి ఎవరి ఇంట్లో ఉన్నదో ఈ వారం అడగండి.

కుటుంబంలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ఇటీవల తీసుకున్న ఏ నిర్ణయంలో పేదల మాట వినలేదు? అది రోడ్డా, చెరువా, భూమి రికార్డా?

2. మన ఇంట్లోగాని, వీధిలోగాని న్యాయం అడగకుండానే వదిలేసిన విషయం ఏదైనా ఉన్నదా? ఎందుకు వదిలేశారు? భయమా, ఖర్చా, తెలియకా?

3. ఒకరి న్యాయం మరొకరికి నష్టమైనట్లు కనిపించినప్పుడు, ఇరువురినీ ఒకచోట కూర్చోబెట్టడానికి మన సంఘం ఏమి చేయగలదు?